పరీక్షనాళిక లేని బడికి స్వాగత తోరణమేల?



ఉగాది సమీపించినప్పుడెల్ల మన సంఘములందు ఒక ఉత్సాహము పుట్టును. చందా పుస్తకములు బయటికి వచ్చును. స్వాగత తోరణము ఎంత యెత్తున నుండవలెను, పందిరి ఎవరికి గుత్తకు ఈయవలెను, అతిథులకు కప్పు శాలువలు ఎన్ని, జ్ఞాపికలు ఎన్ని అను చర్చ రాత్రి పదిగంటల వరకు సాగును. ఇది తప్పని నేననను. పండుగ లేని జాతికి కూడిక యుండదు. కూడిక లేని జాతికి పలుకు నిలువదు. కాని అదే సభలో ఎవరైన లేచి, “మన తెలుగు బడిలో రసాయన శాస్త్రము చెప్పుటకు సామగ్రి యున్నదా?” యని యడిగినచో ఏమగును? ఒకరు గడియారము చూతురు. మరొకరు, “అది ప్రభుత్వము చూచుకొనవలసిన పని గదా” యందురు. కార్యదర్శిగారు తరువాతి యంశమునకు పోదురు. ఈ దాటవేతను గూర్చియే నేను వ్రాయుచున్నాను.

నా వాదము చిన్నది. తెలుగు మాధ్యమమున విజ్ఞాన శాస్త్రము బోధించు ప్రతి పాఠశాలకును, పిల్లలు తమ చేతులతో పట్టుకొని ప్రయోగము చేయదగిన రసాయన సామగ్రి పెట్టెలు, వాటిని ఏటేట నింపుటకు వలయు సరకు, ఆ సరకుపై తెలుగు పేర్లు, ఈ మూడును సమకూర్చుట మన సంఘముల మొదటి ఖర్చు కావలెను. తోరణము తరువాతి ఖర్చు కావలెను. ఇది నచ్చనివారు కలరని యెరుగుదును. వారి యాక్షేపణలకు వరుసగా సమాధానము చెప్పెదను.

ముందుగా, మన బడులలో రసాయన శాస్త్రము ఎట్లు చెప్పబడుచున్నదో తల్లిదండ్రులు ఒక్కమారు పోయి చూడవలెను. ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఒక గాజుకుప్పె బొమ్మను గీయును. దాని నుండి ఒక గొట్టము, గొట్టము చివర నీటితొట్టి, తొట్టిలో బోర్లించిన జాడి. పిల్లలు ఆ బొమ్మను నోటుపుస్తకములోనికి దించుకొందురు. ఉదజనికి రంగు లేదనియు, వాసన లేదనియు, మండుచున్న పుల్లను దరిజేర్చినచో టప్పుమని మండుననియు వల్లించుదురు. ఆ టప్పు మన్న చప్పుడును చెవులార విన్న బిడ్డ ఆ తరగతిలో ఎందరు? ఏటి గట్టున కూర్చుండబెట్టి ఈతను గూర్చి ఉపన్యసించి, నీట దింపకయే యింటికి పంపినట్లున్నది మన బోధన. ఇందు ఉపాధ్యాయుని దోషమేమియు లేదు. కత్తి యీయక కూర తరుగుమన్న, ఎవడు తరుగును?

మైకేలు ఫారడే యను శాస్త్రజ్ఞుని పేరు మన పిల్లల పుస్తకములలో నున్నది. ఆయన కమ్మరి కుమారుడు. బాల్యమున పుస్తకములకు అట్టలు కట్టు దుకాణములో పని నేర్చినవాడు. లండను నగరమున రాయల్ ఇన్‌స్టిట్యూషను భవనమున 1860-61 క్రిస్మసు దినములలో ఆయన బాలబాలికల కొరకై ఆరు ఉపన్యాసములు చేసెను. ఆ యారింటికిని విషయము ఒక్కటే: కొవ్వొత్తి. వత్తి ఏల మండును, మండినప్పుడు పుట్టు నీరు ఎక్కడిది, పుట్టు వాయువు ఏది యని, చెప్పిన ప్రతి మాటను కన్నులయెదుట చేసి చూపెను. అంత గొప్ప శాస్త్రజ్ఞుడే బాలుర యెదుట ఉత్తచేతులతో నిలువలేదు. మన గ్రామపు బడి ఉపాధ్యాయుడు మాత్రము ఉత్తచేతులతో నిలువవలెనట!

అంత దూరమేల? మన యిండ్లలోనికే చూతము. పెండ్లికూతురి పాదములకు పూయు పారాణి యేమి? పసుపులో సున్నము కలిసినది. దిష్టి తీయు ఎర్రనీళ్ళు ఏమి? అవియును పసుపు, సున్నమే. పసుపు పచ్చనిది, సున్నము తెల్లనిది. రెండును కలిసిన ఎరుపేల వచ్చినది? సున్నము క్షారము, క్షారము తగిలినచో పసుపు ఎరుపెక్కును. ఆ యెర్రనీటిలో నిమ్మరసము పిండినచో మరల పచ్చనగును, ఏలనగా నిమ్మరసము ఆమ్లము. ఆమ్లక్షారముల పాఠమంతయు మన ముత్తైదువుల హారతిపళ్ళెములో నున్నది. తాంబూలపు సున్నమును నీటిలో కలిపి, కదలనీయక యుంచి, పైతేటను వంచుకొని, అందులో సన్నని గొట్టముతో ఊదిన, తేట పాలవలె తెల్లనగును. మన యూపిరిలో బొగ్గుపులుసు వాయువు కలదనుటకు అదియే సాక్ష్యము. విడువక ఊదుచున్నచో ఆ తెలుపు మరల కరిగిపోవును. ఇది యేలయని పిల్లవాడు తానే యడుగును. ఆ ప్రశ్న పుట్టిన దినముననే వాడు రసాయన శాస్త్రములో అడుగు పెట్టినట్లు. వల్లెవేయించినందువలన ఆ ప్రశ్న పుట్టదు.

ఇక పెట్టెయనగా నేమో చెప్పెదను. నేను మెట్రిక్యులేషను వరకు చదివి పచారు అంగడిలో కూర్చున్నవాడను, పండితుడను కాను. అందుచేత వర్తకుని లెక్కగానే చెప్పెదను. పన్నెండు పరీక్షనాళికలు, వాటిని నిలుపు కొయ్య దిమ్మె, ఒక పట్టకారు, రెండు బీకరులు, ఒక గరాటు, వడపోత కాగితములు, చుక్కలు వేయు డ్రాపరులు నాలుగు, సారాదీపము, చిన్న త్రాసు, కంటికి రక్షణ అద్దములు, లిట్మసు కాగితములు, ఒక బ్యాటరీ, రెండు తీగలు. ఇవి ఒక్కమారు కొన్నచో, పగిలిన గాజు తప్ప, ఏండ్ల తరబడి నిలుచును. సరకన్ననో, వంటసోడా, చాకలిసోడా, పటిక, సున్నము, మైలుతుత్తము, నిమ్మఉప్పు, వెనిగరు, ఇనుప మేకులు. ఇందులో హెచ్చుభాగము మన వారి అంగళ్ళలోనే పొట్లములు కట్టి యమ్ముచున్నాము. సంవత్సరమునకు ఒక బడికి కావలసిన సరకును ఒక సంచిలో పెట్టుకొని ఒక మనుష్యుడు సైకిలుపై తీసికొనిపోవచ్చును. తోరణపు ఖర్చుతో పోల్చినచో ఇది తూకములో పొట్లపు కాగితము బరువు వంటిది.

ఆ పెట్టెతో నేమి చేయవచ్చునందురా? మైలుతుత్తపు నీలినీటిలో ఇనుప మేకును వ్రేలాడదీసిన, కొన్ని నిమిషములలో మేకుపై ఎర్రని రాగి పూత యేర్పడును. ఇనుము రాగిని వెడలగొట్టి దాని స్థానమును తానాక్రమించెనని పిల్లవాడు కన్నులార చూచును. నీటిలో చిటికెడు చాకలిసోడా వేసి, రెండు గుండుసూదులకు బ్యాటరీ తీగలు తగిలించి, వాటిపై నీరు నింపిన నాళికలు బోర్లించినచో, ఒక నాళికలో చేరు వాయువు రెండవదానికి ఇంచుమించు రెట్టింపుండును. నీటిలో ఉదజని రెండుపాళ్ళు, ప్రాణవాయువు ఒకపాలని పుస్తకము చెప్పిన మాటను ఆ నాళికలే ఋజువు చేయును. గట్టి మూతగల సీసాలో కొంచెము వెనిగరు, చిటికెడు సోడా విడివిడిగా నుంచి, మూత బిగించి తూచి, కలిపిన పిదప మరల తూచినచో బరువు మారదు. మూత తీసినచో బుస్సుమని గాలిపోయి, బరువు తగ్గును. పదార్థము నశింపదని ఫ్రాన్సుదేశమున లవాజియే 1789లో తన గ్రంథమున చాటిన సూత్రము ఇదియే. ఆయన చేతిలోని గొప్ప ఆయుధమేదనగా త్రాసు! రసవాదమును శాస్త్రముగా మార్చినది తూకమేయని తెలిసినప్పుడు, తరతరములుగా త్రాసు పట్టి బ్రతికిన మనకు ఈ శాస్త్రము పరాయిదెట్లగును?

ఇప్పుడు ఆక్షేపణలకు వత్తము.

“పరీక్షలో వ్రాసినచో చాలును, ప్రయోగమెందుకు?” అనువారు మొదటివారు. వారు ప్రశ్నపత్రమునే చూడలేదని నా నమ్మకము. తమిళనాట పదవ తరగతి విజ్ఞాన శాస్త్రమున నూటికి 75 మార్కులు వ్రాతపరీక్షకు, 25 మార్కులు ప్రయోగ విభాగమునకు. ఆ 25 మార్కులకు పిల్లవాడు పరీక్షనాళికను చేత పట్టవలసియున్నది. సంవత్సరమంతయు బొమ్మలో చూచిన వస్తువును పరీక్షనాడు మొదటిమారు పట్టుకొన్న చేయి వణకకేమగును? ఆ వణకును చూచి, “తెలుగు బడి పిల్లలు సైన్సులో వెనుకబాటు” అని లోకులు నిర్ణయింతురు. ఆ మాట విని తల్లిదండ్రులు బిడ్డను వేరు మాధ్యమమునకు మార్తురు. బడిలో పిల్లలు తగ్గుదురు. తగ్గిరని ఉపాధ్యాయ పదవిని తీసివేయుదురు. తీసివేసిరని మనము తీర్మానములు చేయుదుము. ఈ గొలుసుకు మొదటి కొక్కెము ఎక్కడ నున్నదో గమనింపుడు.

“ఆమ్లములు ప్రమాదకరములు, పిల్లల చేతికీయరాదు” అనువారు రెండవవారు. వీరి భయము అర్థము లేనిది కాదు. గాఢామ్లములను పెద్దల చేతనే యుంచవలెను. ఆమ్లమును నీటిలో పోయవలెనే కాని నీటిని ఆమ్లములో పోయరాదని మొదటి పాఠముననే నేర్పవలెను. కంటి అద్దములు లేనిదే దీపము వెలిగింపరాదు. ఐతే నేనొకటి యడిగెదను. మన ప్రతి యింటిలో మరుగుదొడ్డి కడుగు ఆమ్లపు సీసా యున్నది. బ్లీచింగు పొడి యున్నది. ఈ రెండింటిని కలిపినచో ఊపిరితిత్తులను కాల్చు క్లోరిను వాయువు పుట్టునని ఇంట నెందరికి తెలియును? ప్రమాదము వస్తువులో కంటె దాని గుణము నెరుగకుండుటలో ఎక్కువ. అదియునుగాక, నేడు సూక్ష్మ పరిమాణ ప్రయోగములను పద్ధతి కలదు. చిన్నచిన్న గుంటలు గల ప్లాస్టికు పలకపై, నాళికకు బదులు చుక్కలతోనే ప్రయోగము జరుపుదురు. చుక్కలతో పని గనుక ఖర్చును, పొగయును, అపాయమును తగ్గును. దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండు విశ్వవిద్యాలయమున రూపొందిన ఇట్టి పెట్టెలను యునెస్కో సంస్థ అనేక దేశములలో ప్రచారము చేసినది. మన దేశమున 1961లో స్థాపింపబడిన జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలియు పాఠశాలలకు విజ్ఞాన సామగ్రి పెట్టెలను, పై తరగతులకు సూక్ష్మ రసాయన పెట్టెను రూపొందించినది. దొరకని వస్తువు కాదు. మనము అడుగని వస్తువు.

“ఇప్పుడు తెరపై అన్నియు చూపుచున్నారు గదా, పెట్టెలెందుకు?” అనువారు మూడవవారు. తెరపై చూచుట మంచిదే. కాని తెరలో ప్రయోగము ఎన్నడును తప్పదు. చేతిలో తప్పును. తేట తెల్లబడదు, పుల్ల ఆరిపోవును, రంగు వేరుగా వచ్చును. ఏల తప్పినదని వెదకుటయే శాస్త్రము. తెరమీది భోజనమును చూచి ఆకలి తీర్చుకొన్నవాడు లేడు.

“రసాయన శాస్త్రము తెలుగులో నేర్చి యేమి లాభము? పై చదువు ఆంగ్లములోనే గదా” అనువారు నాల్గవవారు. వీరే ఎక్కువమంది, వీరే ఎక్కువ హాని చేయువారు. ఆంగ్లము నేర్చుకొనవలసినదే, తమిళమును నేర్చుకొనవలసినదే. తమిళనాట 2006 నాటి చట్టముచే తమిళము నేర్చుట విధియైనది. ఇరుగుపొరుగుల భాష నేర్చుట మనకు గౌరవమే గాని బరువు కాదు. కాని తల్లిభాషలో దేనిని చెప్పలేమో దానిని ఆ భాష క్రమముగా కోలుపోవును. మన తెలుగు పెండ్లిపాటకు, హరికథకు, ఉగాది పచ్చడికి మాత్రమే పనికివచ్చి, పరీక్షనాళికలోని వస్తువునకు పేరు చెప్పలేనిదైనచో, అది పండుగనాడు పెట్టెలోనుండి తీసి కట్టు పట్టుచీరవంటిదగును. దినదినము కట్టని చీర మడతలలోనే చీకిపోవును.

ఈ సంగతిని మన పూర్వులు నూరేండ్లకు ముందే గ్రహించిరి. కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు మొదలగువారు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి శాస్త్రగ్రంథములను తెలుగున వెలువరింపజేసిరి. ఆమ్లము, క్షారము, లవణము, మూలకము, సంయోగము అను మాటలు నేడు సిద్ధముగానున్నవి. లేనిది మాట కాదు. ఆ మాటను అంటించుటకు సీసా! భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి చిత్రపటము మన సంఘ భవనములలో వ్రేలాడుచున్నది. ఆయన 1925లో అమెరికాలో ఫిస్కె యను ఆచార్యునితో కలిసి ప్రకటించిన పద్ధతి యేమి? ద్రవములో పుట్టు నీలిరంగు గాఢతను చూచి అందలి భాస్వరపు పాలు కొలుచుట. రంగును చూచు కన్ను, నాళికను పట్టు చేయి లేనిదే ఆ పద్ధతి లేదు. పటమునకు పూలదండ వేసి, ఆయన పట్టిన నాళికను పిల్లలకీయకుండుట ఎట్టి గౌరవము?

“ఇది ప్రభుత్వ బాధ్యత” యనువారు కడపటివారు. నిజమే. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఏ అధికరణము భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పింప రాష్ట్రములు యత్నింపవలెనని చెప్పుచున్నది. ముప్పదవ అధికరణము మన పాఠశాలలను మనమే నెలకొల్పి నడపుకొను హక్కునిచ్చినది. హక్కు కొరకు అర్జీలు పెట్టుదము, మానవలదు. కాని అర్జీకి జవాబు వచ్చులోపల ఎనిమిదవ తరగతి బిడ్డ పదవ తరగతి దాటిపోవును. వాని బాల్యము ఫైలులో కట్టి యుంచదగినది కాదు.

ఇన్ని చెప్పిన పిమ్మట పెట్టెల పక్షమువారికిని ఒక మాట చెప్పవలెను. పెట్టె కొని యిచ్చి, ఫొటో తీయించుకొని, పత్రికకు పంపి మరచుట దానము కాదు. ఇట్టి పెట్టె యొకటి ఒక బడిలో బీరువా పైన తాళముతో నుండగా చూచితిని. గాజు పగిలిన లెక్క చెప్పవలసివచ్చునను భయముచే దానిని ఎవరును తెరువలేదు. మధ్యప్రదేశములో 1972లో పదునారు బడులలో మొదలైన హోషంగాబాదు విజ్ఞాన బోధన కార్యక్రమము ఈ విషయమున మనకు గురువు. అక్కడ పిల్లలు జట్లు జట్లుగా తామే ప్రయోగములు చేసిరి. సామగ్రితోపాటు ఉపాధ్యాయులకు శిక్షణ జరిగెను. ముప్పదియేండ్లు నడచిన ఆ పనిని 2002లో ప్రభుత్వము నిలిపివేసెను. ప్రభుత్వపు చేయి వెనుకకు పోయినప్పుడు పట్టుకొనుటకు ఊరివారి చేయి ఉండవలెనని నేను దానినుండి నేర్చిన పాఠము. మనకు చేరువనే, కుప్పములో, అగస్త్య సంస్థ వారు 1999 నుండి చేతిపనితో కూడిన విజ్ఞాన బోధన నడుపుచున్నారు. బండ్లలో సామగ్రి నెక్కించి పల్లెబడులకు పంపుచున్నారు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములవారికి అది పరదేశము కాదు. మన ఉపాధ్యాయులను పంపి చూచి రమ్మనుటకు బస్సు ఖర్చు తప్ప వేరు ఖర్చేమున్నది?

ఇదంతయు మార్కుల కొరకేనా యని యడుగువారికి మా జిల్లా నీటినే చూపెదను. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలలో భూగర్భజలమునందలి ఫ్లోరైడు వలన పండ్లు మచ్చలు పడి, ఎముకలు చెడినవారు కలరు. హొగెనకల్ నుండి నీరు తెచ్చు పథకము 2013లో ప్రారంభమైనది ఈ బాధను తగ్గించుటకే. త్రాగునీటిలో లీటరుకు ఒక మిల్లిగ్రాము ఫ్లోరైడు వరకు మేలనియు, వేరు నీరు దొరకనిచోట ఒకటిన్నర వరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము. ఇంటి బోరునీటిలో ఎంతయున్నదో తెలిసికొనుట యెట్లు? ఔషధపు చుక్కలు వేసి, తేలిన రంగును పట్టికలోని రంగుతో పోల్చు చిన్న పెట్టెలు కలవు. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ క్రింద ఇట్టి పెట్టెలతో గ్రామస్త్రీలకే నీటిని పరీక్షించుట నేర్పిరి. తల్లి చేయగలిగిన పనిని బడిలో బిడ్డ చేయరాదా? ఫ్లోరైడు నీటిని బాగుచేయుటకు నాగపురమునందలి జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు కనిపెట్టిన పద్ధతికి పేరేమో తెలియునా? నల్లగొండ పద్ధతి! మన తెలుగు జిల్లా పేరే. నీటిలో సున్నము, పటిక లెక్కప్రకారము కలిపి, కొంచెము బ్లీచింగు పొడి చేర్చి, కలియద్రిప్పి, అడుగున తేరనిచ్చి, పైనీటిని వాడుకొనుట. సున్నము, పటిక మన యంగడిలో నున్నవి. లెక్కప్రకారము కలుపు బుద్ధియే బడిలో పుట్టవలసియున్నది.

కనుక నా సూచనలు ఇవి. ప్రతి సంఘమును రాబోవు సర్వసభ్య సమావేశమున ఒక తీర్మానము చేసి, ఉత్సవపు చందాలో నాల్గవవంతు బడుల ప్రయోగ సామగ్రికై ముందుగా ప్రత్యేకింపవలెను. నలుగురు పిల్లలకొక పెట్టె చొప్పున లెక్క వేయవలెను. తరగతికొక పెట్టె యనగా ఉపాధ్యాయుడు చేయుట, పిల్లలు చూచుట యగును. ప్రతి సీసాపై తెలుగు పేరు, దాని క్రింద రాష్ట్రభాష, ఆంగ్లపు పేర్లు అంటింపవలెను. ఇతర మాధ్యమముల పిల్లలు వచ్చి అడిగినచో వారికిని తలుపు తెరువవలెను. పగిలిన గాజునకు ఉపాధ్యాయుని లెక్క అడుగరాదు. పగులని గాజునకే అడుగవలెను, ఏలనగా వాడబడని నాళిక మాత్రమే ఎన్నడును పగులదు. సరకును ఏటేట నింపు బాధ్యతను ఆ యూరి తెలుగు వర్తకులలో ఒకరు వహింపవలెను. మా ప్రాంతమున ఒక బడి సరకును నేను వహించెదను. ఈ మాటను పత్రికాముఖమున నిచ్చుచున్నాను.

బళ్ళారి, కోలారు, బరంపురము, షోలాపురము, యానాము సోదరులును తమ తమ బడులలో పెట్టె యున్నదో లేదో, ఉన్నచో తెరువబడుచున్నదో లేదో విచారించి ఈ పత్రికకు వ్రాయవలెనని కోరుచున్నాను. ఉపన్యాసములు మనకు చాలినన్ని యున్నవి. కావలసినది బడిబిడ్డ చేతిలో ఒక పరీక్షనాళిక.